ఉప్పల్‌లో ఏడీఎస్‌-బీ పెట్టిన, 70 కిలోమీటర్లు దాటుతలేదు, యాంప్లిఫయర్ పెడితే ఇంకా తగ్గింది, ఏం చేయాలె?

ఉప్పల్_కుర్రోడు:

అందరికీ నమస్తే. ఏడీఎస్‌-బీ అంటే విమానం తన నంబరు, ఎత్తు, స్థానం తనే రేడియోల పంపే సిగ్నల్, అది పట్టే పిచ్చి ఈమధ్యనే పట్టుకుంది, తెలిసినోళ్లు ఎవరన్నా ఉంటే జర చెప్పండి. సెటప్ ఇది: ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ స్టిక్కు (యూఎస్‌బీకి పెట్టే చిన్న రేడియో రిసీవర్), రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, అందులో సిగ్నల్ డీకోడ్ చేసే రీడ్స్‌బీ ప్రోగ్రాం, మ్యాప్ చూడనీకి టార్1090. యాంటెన్నా డబ్బాలో వచ్చిందే, అయస్కాంతం ఉన్న చిన్నది, రెండో అంతస్తు బాల్కనీ గ్రిల్‌కి అంటించిన. సాఫ్ట్‌వేర్‌ల ఏం ఇబ్బంది లేదు, విమానాలు వస్తున్నయి, ఫ్లైట్ నంబరు, ఎత్తు, స్పీడు అన్నీ కనపడుతున్నయి. కానీ 60, 70 కిలోమీటర్లు దాటి ఏమీ లేదు, అదీ ఒక్క పక్కనే. నెట్‌ల అందరూ 300, 400 అని స్క్రీన్‌షాట్లు పెడుతుంటే కడుపు మండుతుంది.

ఇంకోటి, శంషాబాద్ నాకు అడ్డంగ చూస్తే ఇరవై రెండు ఇరవై మూడు కిలోమీటర్లే, అయినా దిగే విమానాలు నాలుగైదు వేల అడుగుల దగ్గర మాయమైతున్నయి. 35 వేల అడుగుల మీద పోయేది కనపడుతుంది, పక్కన దిగేది కనపడదు, ఇదేం లెక్కనో.

సిగ్నల్ తక్కువుందని ఆన్‌లైన్‌ల ఒక యాంప్లిఫయర్ తెప్పించిన, వైడ్‌బ్యాండ్ అని రాసుంది, 20 డీబీ (డెసిబెల్స్) పెంచుతదంట. అది పెట్టినంక విమానాలు సగమైనయి. పాడైన పీస్ అనుకొని మార్పిస్తే రెండోది కూడా అట్లనే ఉంది. స్టిక్కుల సిగ్నల్ ఎంత పెంచాల్నో చెప్పే గెయిన్ సెట్టింగు ఫుల్‌ల ఉంది, 49.6. అవును, పక్క బిల్డింగ్ మీద సెల్ టవర్ ఉంది, దానికి దీనికి సంబంధం ఉందో లేదో తెల్వదు.

యాంటెన్నా మార్చాల్నా, స్టిక్కు మార్చాల్నా? ఇంకా ఇదంతా లీగలేనా? ఓనర్ అంకుల్ ఇప్పటికే డౌట్‌గ చూస్తుండు.

తీగలమాస్టారు:

తమ్ముడూ, మాది ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ దగ్గరే, అంటే నీకు పక్కూరే. నీ కథంతా ఆ చివర్లో పడేసిన టవర్ మాటలోనే ఉంది, అది ముందు చెప్పాల్సింది.

ముందు ఆ యాంప్లిఫయర్ పీకేయ్. పీస్ బాగానే ఉంటుంది, రెండుసార్లు మార్పించినా మూడుసార్లు మార్పించినా అంతే. నీ చేతిలో ఉన్న స్టిక్కు పుట్టింది టీవీ చూడ్డానికి, లోపలి ఆర్‌టీఎల్2832యూ చిప్పులో ఉన్నది ఎనిమిది బిట్ల కన్వర్టరు, పెద్ద సిగ్నల్ పక్కన మరీ చిన్నదాన్ని పట్టుకోలేదు. 2012 ప్రాంతంలో దాన్ని రేడియోలా వాడుకోవచ్చని కుర్రాళ్లు కనిపెట్టారు కాబట్టి ఇంత చవగ్గా మనదాకా వచ్చింది, అంతేగానీ ఇదేం ల్యాబ్ సామాను కాదు. విమానం పంపేది 1090 మెగాహెర్ట్జ్ మీద. సెల్ టవర్ 900 బ్యాండ్‌లో 935 నుంచి 960 దాకా పంపుతుంది, పక్కనే. ఆ టవర్ నీకు ముప్పై మీటర్లలో, విమానం వంద కిలోమీటర్లలో. పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం పక్కన నిలబడి అవతలి వీధిలో ఎవరో పిలిచింది వినపడ్డం లేదని చెవికి మిషన్ పెట్టుకున్నట్టుంది నీ యాంప్లిఫయర్ సంగతి, బ్యాండే ఇంకా మోగుద్ది. వైడ్‌బ్యాండ్ అంటే అన్నిటినీ పెంచుతుందని, టవర్‌ని కూడా. అప్పుడు ట్యూనర్ మొత్తం ఉక్కిరిబిక్కిరైపోయి, వచ్చే చిన్న సిగ్నల్ కూడా పోద్ది.

రూపాయి ఖర్చు లేకుండా ముందు చేయాల్సింది గెయిన్ తగ్గించడం. 49.6 అనేది చివరి మెట్టు, ఎక్కువ నంబరు పెడితే ఎక్కువ విమానాలు రావు. 40.2 పెట్టి ఓ పూట చూడు, తర్వాత 36.4, తర్వాత 32.8, ఇంకా దిగి 28. ఒక్కోదానికి నిమిషానికి ఎన్ని మెసేజ్‌లు వస్తున్నాయో రాసుకో, కానీ పొద్దున ఒకటి, అర్ధరాత్రి ఒకటి పోల్చకు, ట్రాఫిక్కే వేరు. రోజూ అదే టైముకి చూడు. గ్రాఫ్స్1090 అనే ప్రోగ్రాం పెట్టుకుంటే మైనస్ 3 డీబీ కంటే గట్టిగా వచ్చే మెసేజ్‌ల శాతం చూపిస్తుంది, అది బాగా ఎక్కువుంటే గెయిన్ ఇంకా తగ్గించాలని అర్థం. టవర్ పక్కన ఉన్నవాళ్లకి గెయిన్ తగ్గిస్తే రేంజ్ పెరగడం మామూలే, చూసి ఆశ్చర్యపోకు.

దానికీ లొంగకపోతే 1090ని మాత్రమే లోపలికి రానిచ్చే ఫిల్టర్ కొను. ఫిల్టర్ ముందు, యాంప్లిఫయర్ తర్వాత. ఫిల్టర్‌లో ఒకటో రెండో డీబీ పోతుందని పుస్తకాల వాళ్లు యాంప్లిఫయర్ ముందు పెట్టమంటారు, అది టవర్ లేని పల్లెటూళ్లో మాట, నీ ఇంటికి కాదు. ఫిల్టరూ యాంప్లిఫయరూ కలిపి ఒకే డబ్బాలో 1090కే చేసినవి దొరుకుతాయి, కొంటే అదే కొను. అది కూడా స్టిక్కు దగ్గర కాదు, యాంటెన్నా మొదట్లో ఉండాలి, కేబుల్లోంచే కరెంట్ పంపే బయాస్-టీ నీ స్టిక్కులో ఉందో లేదో చూసుకో. కేబుల్లో పోయిన సిగ్నల్‌ని ఇవతలి చివర పెంచితే దాంతోపాటు రొద కూడా పెరుగుతుంది.

ఇక రేంజ్. ఇది చూపు లెక్క, యాంటెన్నా నుంచి విమానం దాకా గీత గీస్తే మధ్యలో భూమి, గోడ ఏదీ అడ్డు రాకూడదు. 35 వేల అడుగుల మీద పోయే విమానం నేల మీదున్నవాడికి 425 కిలోమీటర్ల దాకా కనపడాలి లెక్క ప్రకారం. 10 వేల అడుగుల్లో ఉంటే 225. ఇప్పుడు నువ్వు బాల్కనీ నుంచి డాబా మీదకి ఓ పది మీటర్లు లేపితే ఆ లెక్కలో పెరిగేది పది కిలోమీటర్లు కూడా కాదు. మరి డాబా ఎందుకంటే, బాల్కనీలో మూడు పక్కలా నీ ఇల్లే అడ్డం. కాంక్రీటు, లోపల ఇనుము, దాటి రాదు. నీ 70 కిలోమీటర్లు ఒక్క పక్కనే అన్నావు చూడు, నీ బాల్కనీ ఎటు చూస్తుందో అటే కదా?

శంషాబాద్ ల్యాండింగులదీ అదే కథ. అక్కడి రన్‌వేలు తూర్పు పడమరలు. తూర్పు నుంచి దిగేవాడు రన్‌వేకి పది కిలోమీటర్ల ముందు నేల నుంచి 1,700 అడుగుల ఎత్తులో ఉంటాడు. నీకు ఇరవై కిలోమీటర్ల దూరం కాబట్టి ఆకాశంలో ఒకటిన్నర డిగ్రీ ఎత్తు, అంతే. ఎదురింటి నీళ్ల ట్యాంకు చాలు కప్పేయడానికి. ఇంకో మాట, మ్యాప్‌లో చూపించే ఎత్తు సముద్రమట్టం లెక్కలో ఉండే ప్రెషర్ ఎత్తు, నేల నుంచి కాదు. శంషాబాద్ విమానాశ్రయమే 2,024 అడుగుల మీదుంది. నీకు నాలుగు వేల అడుగుల్లో మాయమయ్యాడంటే నిజానికి వాడు నేలకి రెండు వేల అడుగుల మీదే ఉన్నాడు.

లొకేషన్ సరిగ్గా కొట్టావా? అక్షాంశం రేఖాంశం తప్పుంటే దూరాల లెక్కంతా తప్పే, రన్‌వే మీద కదిలే వాటి స్థానం కూడా సరిగ్గా తేలదు.

సముద్రం_పక్కన:

మాస్టారు చెప్పిన దానికి తిరుగు లేదు. నేను యాంటెన్నా గురించి చెప్తాను గానీ బ్రో, దానికి వేలు తగలెయ్యొద్దు. మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ, నాలుగో అంతస్తు డాబా, ఇంట్లో చేసిన యాంటెన్నా. సముద్రం వైపు 350 దాటి వస్తాయి, ఎందుకంటే అటు అడ్డం ఏముంది, నీళ్లే కదా. కైలాసగిరి వైపు మాత్రం గుండు సున్నా, నేను ఏం చేసినా కొండ జరగదు కదా. రేంజ్ మ్యాప్ గీస్తే మా ఊరి కొండలన్నీ అందులో దంతాల్లా కనిపిస్తాయి, డాల్ఫిన్ నోస్‌తో సహా.

చేసే పద్ధతి చెప్తాను. కేబుల్ బిగించే ఎస్ఓ239 సాకెట్ ఒకటి, మూలలకి నాలుగు బెజ్జాలుండే రకం. ఎర్తింగ్‌కి వాడే మందపాటి రాగి తీగ ఓ అర మీటరు. 1090కి తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు, అందులో పావు వంతు అంటే 69 మిల్లీమీటర్లు. మధ్య పిన్నుకి నిలువుగా ఒక ముక్క టంకం పెట్టు, నాలుగు బెజ్జాలకి నాలుగు ముక్కలు, అవి కిందకి 45 డిగ్రీలు వంచు. సాలీడులా ఉంటుంది. ఒక మిల్లీమీటరు అటూఇటూ అయితే కొంపేం మునగదు, మరీ సెంటీమీటరు తేడా రానివ్వకు. నిలువుగానే నిలబెట్టాలి, విమానం పంపేది నిలువు పోలరైజేషన్‌లో. చాలామంది పడుకోబెట్టి రావట్లేదంటారు.

ఇంతకీ నీ డబ్బాలో యాంటెన్నా ఏ పొడవుది? లాగితే సాగే రకమైతే పూర్తిగా లాగి పెట్టుంటావు. దాన్ని 69 మిల్లీమీటర్లకి కుదించు, కింద ఓ రేకు పళ్లెమో, పాత బిస్కెట్ డబ్బా మూతో పెట్టు, అయస్కాంతం దానికి అంటుకుంటుంది. అంతమాత్రానికే తేడా తెలుస్తుంది.

కేబులు దగ్గర మాత్రం కక్కుర్తి పడకు. సన్నగా నల్లగా ఉండే ఆర్‌జీ58 పది మీటర్లు వేస్తే ఆరేడు డీబీ అక్కడే ఆవిరి, అంటే వచ్చిన దాంట్లో పావు వంతు మిగుల్తుంది. డిష్ టీవీ వాళ్లు వేసే ఆర్‌జీ6 తెచ్చుకో, అదే పది మీటర్లకి రెండు డీబీ పోతుంది, చవక కూడాను. అది 75 ఓమ్‌లు, స్టిక్కు 50 ఓమ్‌లు, కుదరదు అని ఎవడైనా అంటే పట్టించుకోకు, ఆ తేడా వల్ల పోయేది 0.2 డీబీ లోపే. డిష్ నుంచి కిందకి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ కాబట్టి ఆ కేబుల్ మన పనికి చక్కగా సరిపోతుంది. ఇంట్లో పాత డిష్ తీగ డాబా మీంచి హాల్లోకి ఇప్పటికే ఉంటే పండగే, మధ్యలో స్ప్లిట్టర్లు ఏమైనా ఉంటే తీసెయ్. ఎఫ్ కనెక్టర్‌ నుంచి ఎస్‌ఎంఏకి ఒక అడాప్టర్ కావాలి.

పైన పీవీసీ పైపు తొడుగు, మూత పెట్టు, కనెక్టర్‌కి టేపు చుట్టు. మాకు ఉప్పుగాలికి ఇత్తడి కూడా పచ్చబడిపోద్ది, మీకు ఆ బాధ లేదు. కానీ ఉరుములప్పుడు కేబుల్ పీకి పక్కన పెట్టడం మర్చిపోకు, యాంటెన్నా బిల్డింగ్ మీద అన్నిట్లోకీ ఎత్తైన వస్తువు అవ్వకూడదు. రాస్ప్‌బెర్రీ పై బాక్సు డాబా మీద పెడదామనుకుంటున్నావేమో, మే నెల్లో ఎండలో రేకు డబ్బాలో ఉడికిపోద్ది, కిందే ఉంచు.

ఉప్పల్_కుర్రోడు:

అన్నా ఇద్దరికీ దండం. యాంప్లిఫయర్ తీసేసి గెయిన్ 36.4కి దించిన, అంతే, బాల్కనీల ఉండంగనే 110 దాకా పోయింది! 32.8 దగ్గర ఇంకొన్ని ఎక్కువ వచ్చినయి, 28కి మళ్ల తగ్గినయి. తర్వాత యాంటెన్నా 69కి కుదించి స్టీలు పళ్లెం మీద నిలబెట్టిన, మా అమ్మ ఆ పళ్లెం కోసం వంటింట్ల వెతుకుతుంది ఇంకా.

బాల్కనీ పడమర వైపే ఉంది మాస్టారూ, కరెక్టుగ పట్టిండ్రు. అటు బీదర్ పక్కన ఢిల్లీ నుంచి బెంగళూరు పోయేవి వరసగ కనపడుతున్నయి. తూర్పు దిక్కు ఏం లేదు. డాబా కోసం ఓనర్ అంకుల్‌తోని మాట్లాడాలె. అంకుల్ అడిగేది ఒక్కటే, పోలీసులు వస్తరా అని. దానికి ఏం చెప్పాల్నో చెప్పండి. ఇంకా పైలట్లు మాట్లాడేది కూడా ఇదే స్టిక్కుతోని వినొచ్చంట కదా?

విశ్వం_73:

నేను హ్యామ్‌ని, అంటే అమెచ్యూర్ రేడియో వాణ్ని, లాయర్ని కాదు, కాబట్టి ఇది సలహా మాత్రమే. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో సెట్టు దగ్గర పెట్టుకోడానికే లైసెన్స్ అవసరం అని ఉండేది, దాని స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా రేడియో పరికరం కలిగి ఉండటానికి అనుమతి కావాలనే అంటుంది, మినహాయింపులు ప్రభుత్వం ఇచ్చినవాటికే. మరి ఇంతమంది ఏడీఎస్‌-బీ పెట్టుకుని ట్రాకింగ్ సైట్లకి డేటా పంపుతున్నారు కదా అంటే, నిజమే, పంపుతున్నారు. అందరూ చేస్తున్నారు కాబట్టి చట్టం ఒప్పుకున్నట్టే అని మాత్రం నేను చెప్పను.

మీకు ఈ పిచ్చి నిజంగా పట్టుకుంటే హ్యామ్ లైసెన్స్ పరీక్ష రాసేయండి బాబూ. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు, మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మీ ఊళ్లోనే ఉంది, వెళ్లి అడగండి. ఎవరైనా వచ్చి ఏమిటిదని అడిగితే విమానాల స్టిక్కు చూపించి వివరించే బదులు లైసెన్స్ కాగితం చూపిస్తే సంభాషణ తొందరగా అయిపోతుంది. ఓనర్ గారికి కూడా అదే చూపించొచ్చు.

పైలట్ల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్‌లో, ఏఎం మీద ఉంటాయి, స్టిక్కు పట్టగలదు. కానీ వద్దు. ఏడీఎస్‌-బీ అంటే విమానం ఎవరు వింటే వాళ్లకి అని తెరిచి పంపేది, మాటలు అలా కాదు. రికార్డు చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. అలాగే మీకు హకీంపేట, దుండిగల్ దగ్గరే, బేగంపేట కూడా. ఎయిర్‌ఫోర్స్‌వి అనిపించేవి ఏమైనా కనపడితే చూసి ఊరుకోండి, స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా పంచొద్దు. సముద్రం పక్కన గారూ, మీకూ చెప్తున్నా, మీ విమానాశ్రయం నేవీ వాళ్ల ఎయిర్ స్టేషన్ ఐఎన్ఎస్ డేగాతో కలిసుందని మీకు తెలియనిది కాదు.

సముద్రం_పక్కన:

అయ్యా నేను ఇండిగోలు తప్ప ఏం చూడను 🙏

ఫ్రిస్కో_బాబాయ్:

డాలస్ నుంచి. చిన్న చేర్పు, కుర్రాళ్లు అమెరికా వాళ్ల వీడియోలు చూసి 978 మెగాహెర్ట్జ్‌కి ఇంకో స్టిక్కు కొంటుంటారు, కొనకండి. 978 మీద నడిచే యూఏటీ అనే ఇంకో రకం ఏడీఎస్‌-బీ అమెరికాలోనే, అదీ 18 వేల అడుగుల కింద ఎగిరే చిన్న విమానాలకి. 2020 జనవరి 1 నుంచి ఇక్కడ చాలా ఎయిర్‌స్పేస్‌లో ఏడీఎస్‌-బీ తప్పనిసరి చేశారు, చిన్న విమానాలవాళ్లు రెండిట్లో ఏదో ఒకటి పెట్టుకోవచ్చన్నారు, అందుకని మాకు రెండు స్టిక్కులు. మీకు 1090 ఒక్కటే చాలు, ఆ డబ్బు ఫిల్టర్ మీద పెట్టండి.

మీ రీడ్స్‌బీకి మూలమైన డంప్1090 ప్రోగ్రాం మొదట రాసింది రెడిస్ డేటాబేస్ రాసిన శాన్‌ఫిలిప్పోనే, ఆ సంగతి తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది, పగలంతా ఆఫీసులో ఆయన సాఫ్ట్‌వేర్, రాత్రి ఇంట్లో కూడా ఆయనదే.

ఉప్పల్_కుర్రోడు:

అంకుల్ ఒప్పుకున్నడు! ఎట్లంటే, వాళ్ల బిడ్డ దుబాయ్ నుంచి వస్తుందంట, విమానం ఎక్కడుందో మ్యాప్‌ల చూపించిన, అంతే, డాబా తాళం చేతిల పెట్టిండు. పాత డిష్ కేబులే వాడిన, సాలీడు యాంటెన్నా టంకం నాకు సరిగ రాక టీవీ రిపేరు అన్నతోని పెట్టించిన. ఇప్పుడు తూర్పు దిక్కు గుంటూరు, బాపట్ల మీదుగ కోల్‌కతా బెంగళూరు విమానాలు, ఉత్తరం దిక్కు కామారెడ్డి అవతల ముంబై వైజాగ్‌వి, అన్నీ వస్తున్నయి, 280 దాటింది. టవర్ ఉన్న దిక్కు మాత్రం ఇంకా ఒక ముక్క కోసినట్టుంది, ఫిల్టర్ ఆర్డర్ పెట్టిన.

లాస్ట్ డౌట్. లిస్టుల కొన్నిటికి ఆరు అక్షరాల హెక్స్ కోడు (విమానం గుర్తింపు నంబరు) ఉంటది, ఎత్తు కూడా ఉంటది, మ్యాప్ మీద మాత్రం ఉండయి. నా దగ్గరనే ఏమన్నా తక్కువ పడుతుందా? ఇంకా ఒకటి ఉన్నట్టుండి వంద కిలోమీటర్లు ఎగిరి దూకినట్టు కనపడింది.

తీగలమాస్టారు:

మీ టీవీ రిపేరు అన్న చేతికి దండం పెట్టు, ఆ టంకం సరిగ్గా పడకపోతే ఏదీ రాదు.

మ్యాప్ మీద లేనివి రెండు రకాలు. స్థానం చెప్పే మెసేజ్ సరి, బేసి అని రెండు ముక్కలుగా మారి మారి వస్తుంది, మొదటిసారి విమానం ఎక్కడుందో తేల్చాలంటే ఆ రెండూ పది సెకన్లలోపు దొరకాలి. మామూలుగా సెకనుకి రెండుసార్లు పంపుతారు కాబట్టి దగ్గరి విమానానికి ఇబ్బందే లేదు. అంచుల్లో ఉన్నవాడిది ఒక ముక్క దొరికి రెండోది దొరకదు, అప్పటిదాకా లిస్టులో మాత్రమే ఉంటాడు. కాసేపటికి మ్యాప్ మీదకి వచ్చేస్తే ఈ రకం.

రెండోది, అసలు స్థానం పంపనివాడు. పాత ట్రాన్స్‌పాండర్ (విమానంలో సిగ్నల్ పంపే పెట్టె) అయినా, కావాలని ఆపినా, రాడార్ అడిగితే హెక్స్, ఎత్తు చెప్తాడు, ఎక్కడున్నాడో చెప్పడు. వాణ్ని పట్టాలంటే ఎంలాట్ అని ఉంది, ఒకే మెసేజ్ నాలుగు రిసీవర్లకి ఎంత తేడాతో చేరిందో చూసి లెక్క కడతారు. ఒక్కడివల్ల కాదు. నువ్వూ నేనూ అయితే ఇద్దరం, ఇంకో ఇద్దరు కావాలి, అదీ ఊరికి నాలుగు మూలలా ఉంటే మంచిది. ఆ హెక్స్ 80 నుంచి 83 లోపు మొదలైతే మన దేశంలో రిజిస్టరైన విమానం, వీటీ అని తోక మీద ఉండేవి.

దూకిన దాని సంగతి, అప్పుడప్పుడు ఒక మెసేజ్ తప్పుగా డీకోడ్ అయినా అలా కనపడుతుంది, ఒక్క గెంతు గెంతి వెనక్కి వచ్చేస్తే పట్టించుకోకు. అదే నాలుగైదు విమానాలు ఒకే చోట ఒకే సారి గెంతితే అది నీ యాంటెన్నా తప్పు కాదు, విమానం తన జీపీఎస్ ఏం చెప్తే అదే పంపుతుంది మరి. 2025 నవంబర్‌లో ఢిల్లీ దగ్గర జీపీఎస్ స్పూఫింగ్, అంటే దొంగ సిగ్నల్ పంపి తప్పు స్థానం చూపించడం, జరిగిందని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. టార్1090లో విమానం మీద నొక్కితే ఎన్ఐసీ అని స్థానాన్ని ఎంత నమ్మొచ్చో చెప్పే ఒక నంబరు ఉంటుంది, బాగున్నప్పుడు 8 అలా ఉంటుంది, జీపీఎస్ దెబ్బతింటే సున్నాకి పడిపోతుంది. స్పూఫింగ్‌లో మాత్రం ఒక్కోసారి నంబరు బాగానే ఉండి స్థానం అబద్ధం చెప్తుంది, అందుకని చుట్టుపక్కల విమానాలని కూడా చూడాలి.

ఫిల్టర్ వచ్చాక గెయిన్ మళ్లీ మొదట్నుంచి సరిచూడు, 32.8 దగ్గరే ఉంచేయకు, పైకి జరగొచ్చు.

ఉప్పల్_కుర్రోడు:

సరే మాస్టారూ. మీ హెక్స్ లిస్టు ఎట్లుంటదో చూడాలె, ఆదివారం ఇంట్లనే ఉంటరా?

తీగలమాస్టారు:

ఉంటా. మెసేజ్ పెట్టి రా. ఆ పనికిరాని యాంప్లిఫయర్ కూడా పట్రా, ఎఫ్ఎం రేడియోకి వాడదాం.